తుపాకుల బురుజుల నుంచి తరగతి గదుల దాకా... కోఠీ రెసిడెన్సీ రెండు శతాబ్దాల కథ

అశోక్‌నగర్: పోటీ పరీక్షల అభ్యర్థులతో అశోక్‌నగర్ వీధులు తెల్లవారకముందే మేల్కొంటాయి. చిక్కడపల్లిలోని నగర కేంద్ర గ్రంథాలయంలో కుర్చీ దొరకనివారు ఆవరణలో ఎక్కడ నీడ కనిపిస్తే అక్కడ కూర్చుని పుస్తకాలు తిరగేస్తుంటారు. వారి చేతుల్లోని తెలంగాణ చరిత్ర పుస్తకాల్లో ఒక తేదీ తప్పక కనిపిస్తుంది. అది 1857 జూలై 17. ఆనాడు హైదరాబాదులోని బ్రిటిష్ రెసిడెన్సీపై దాడికి నాయకత్వం వహించినవారెవరు అన్న ప్రశ్నకు తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ అన్న జవాబును నిద్రలో లేపి అడిగినా చెప్పగలరు. దాడి జరిగిన చోటును మాత్రం చూసినవారు తక్కువ. చిక్కడపల్లిలో మెట్రో రైలెక్కితే నారాయణగూడ దాటిన వెంటనే వచ్చే స్టేషన్ సుల్తాన్‌బజార్. అక్కడ దిగి కొద్దిదూరం నడిస్తే కోఠీ మహిళా కళాశాల ఆవరణ ఎదురవుతుంది. ఆ రాత్రి తూటాలు పేలింది అక్కడే.

రాయబారి నివాసంగా మొదలైన ఈ భవనం ఒక దశలో బురుజులతో కూడిన కోటగా మారింది. ఆ తరువాత ఆడపిల్లల కళాశాల అయింది. పైకప్పు కారి, గోడలు బీటలు వారి, లోపలికి వెళ్లడమే ప్రమాదమన్న స్థితికి చేరింది. దాదాపు ఇరవై ఏళ్ల ప్రయత్నం తరువాత 2023 ఆరంభంలో పునరుద్ధరణ పూర్తిచేసుకుని తిరిగి సందర్శకుల ముందుకు వచ్చింది. కోఠీ అనే ప్రాంతానికి ఆ పేరు ఈ భవనం వల్లనే వచ్చింది. ఉర్దూలో కోఠీ అంటే పెద్ద భవంతి. నిత్యం పుస్తకాల దుకాణాలకు, బస్సులు మారడానికి కోఠీ వెళ్లివచ్చేవారిలో ఆ కోఠీ ఏదో తెలిసినవారు ఎందరన్నది సందేహమే.

ఫ్రెంచి సేనకు చెక్

రెసిడెన్సీ కథను 1798 నుంచి మొదలుపెట్టాలి. అప్పటికి నిజాం అలీఖాన్ కొలువులో ఫ్రెంచి సేనాని రేమండ్ తీర్చిదిద్దిన బలమైన సైన్యం ఉండేది. అందులో సుమారు 14 వేల మంది సిపాయిలు ఐరోపా పద్ధతిలో శిక్షణ పొందారు. నారాయణగూడ నుంచి బషీర్‌బాగ్ మీదుగా అబిడ్స్ వెళ్లేవారు రోజూ గన్‌ఫౌండ్రీ పేరు వింటూనే ఉంటారు. ఆ సైన్యానికి ఫిరంగులు పోతపోసిన కర్మాగారం ఉన్న చోటు అది. పాతవారు దాన్ని తోప్ కా సాంచా అనేవారు.

రేమండ్ 1798 మార్చిలో మరణించారు. అదే సంవత్సరం సెప్టెంబరు 1న నిజాంకు, ఈస్టిండియా కంపెనీకి మధ్య ఒప్పందం కుదిరింది. ఫ్రెంచి సేనను రద్దు చేయాలి, దాని స్థానంలో నిజాం ఖర్చుతో కంపెనీ పటాలాలు హైదరాబాదులో ఉండాలి అన్నది దాని సారాంశం. టిప్పు సుల్తాన్‌తో యుద్ధానికి సిద్ధమవుతున్న కంపెనీకి వెనుక వైపు ఫ్రెంచివారు ఉండటం ఇష్టం లేకపోయింది. ఈ వ్యవహారాన్ని నడిపించినవారు రెసిడెంట్ జేమ్స్ అకిలిస్ కిర్క్‌పాట్రిక్. రెసిడెంట్ అంటే నిజాం దర్బారులో కంపెనీ ప్రతినిధి అని అర్థం. అయితే ఆ పదవి రాయబారంతో ఆగేది కాదు.

అక్టోబరులో ఫ్రెంచి శిబిరంలో అనుకోని పరిణామం సంభవించింది. జీతాల బకాయిల కోసం సిపాయిలు తిరగబడి తమ ఫ్రెంచి అధికారులనే నిర్బంధించారు. ఆ గందరగోళంలో అక్టోబరు 22న కంపెనీ పటాలాలు శిబిరాన్ని ఫిరంగులతో చుట్టుముట్టాయి. పెద్ద పోరాటమేదీ లేకుండానే వేలాది సిపాయిలు ఆయుధాలు కిందపెట్టారు. హైదరాబాదులో ఫ్రెంచివారి ప్రాబల్యం ఆ ఒక్కరోజుతో ముగిసింది. మలక్‌పేట కొండపై రేమండ్ సమాధి నేటికీ ఉంది. దాని పక్కనున్న మంటపం 2001లో కూలిపోగా తరువాత తిరిగి నిర్మించారు. మూసారంబాగ్ అన్న పేరు కూడా మాన్సియర్ రేమండ్ నుంచే వచ్చిందని చెబుతారు.

నిజాం సొమ్ముతో కంపెనీ దర్పం

ప్రత్యర్థి తొలగిపోయాక కంపెనీ ప్రతినిధికి తగిన భవనం కావాలనిపించింది. మూసీకి ఉత్తరపు ఒడ్డున, నగర ప్రాకారం వెలుపల రెసిడెంట్ అప్పటికే ఉంటున్న తోటలోనే కొత్త భవనం కట్టాలని కిర్క్‌పాట్రిక్ సంకల్పించారు. ఇందుకు నిజాం అనుమతి పొందిన తీరుపై ఒక ముచ్చట ప్రచారంలో ఉంది. మొదట పెద్ద కాగితంపై స్థలం నక్షా గీయించి పంపగా నిజాం తిరస్కరించారట. రాజ్యాల పటాలే అంత పరిమాణంలో చూసిన ప్రభువుకు, ఈ తోట కూడా ఒక రాజ్యమంత ఉందేమోనన్న అనుమానం కలిగిందట. అదే నక్షాను చిన్న అట్టముక్క మీద గీసి పంపగానే ఆమోదించారట. ఇది ఎంతవరకు నిజమో గాని, నిర్మాణ వ్యయం మాత్రం నిజాం ఖజానా నుంచే వచ్చింది.

మద్రాసు ఇంజినీర్ల దళానికి చెందిన లెఫ్టినెంట్ శామ్యూల్ రస్సెల్ రూపకల్పనలో 1803లో పనులు మొదలయ్యాయి. ఉత్తర ముఖంగా ఆరు ఎత్తైన కొరింథియన్ స్తంభాలు, వాటి ముందు విశాలమైన మెట్లు, మెట్లకు ఇరువైపులా రెండు సింహాలు, స్తంభాలపైనున్న త్రికోణంలో ఈస్టిండియా కంపెనీ చిహ్నం నిలిచాయి. లోపల రెండంతస్తుల ఎత్తున దర్బారు హాలు, అలంకరించిన పైకప్పులు, నిలువుటద్దాలు, వంపు తిరిగిన భారీ మెట్ల వరుస ఏర్పడ్డాయి. ఇది అమెరికా శ్వేతసౌధానికి నకలని కొందరు, శ్వేతసౌధమే దీనికి నకలని మరికొందరు అంటుంటారు. రెండూ సరికాదు. ఇటలీ వాస్తుశిల్పి పల్లాడియో సంప్రదాయం ఆ రోజుల్లో ఐరోపాలోనూ, అమెరికాలోనూ, కంపెనీ స్థావరాల్లోనూ ఒకేసారి చెలామణిలో ఉంది. ఒకే బడిలో చదివిన ఇద్దరి చేతిరాత ఒకేలా ఉన్నట్టే ఇదీను.

చూడటానికి రాతి కట్టడంలా తోచే ఈ భవనం ప్రధానంగా ఇటుకలు, సున్నంతో కట్టినది. తెల్లని నునుపైన సున్నపు పూత దానికి పాలరాతి రూపు తెచ్చింది. ఈ సంగతిని పాఠకులు గుర్తుంచుకోవాలి. రెండు వందల ఏళ్ల తరువాత మరమ్మతులకు పూనుకున్నవారికి అసలు సమస్య ఇక్కడే ఎదురైంది.

కిర్క్‌పాట్రిక్ నగరంలోని ఉన్నత కుటుంబానికి చెందిన ఖైరున్నీసాను వివాహమాడిన ఉదంతం 2002లో వెలువడిన విలియం డాల్రింపుల్ గ్రంథం వైట్ మొఘల్స్‌తో ప్రపంచానికి తెలిసింది. ఆమె కోసం ప్రధాన భవనం వెనుక రంగ్‌మహల్ అనే జనానాను నిర్మించారు. పరదా పాటించే ఆమెకు ముందువైపు నుంచి భవనాన్ని చూసే వీలు లేనందున, ఆమె తోటలోనే దాని చిన్న నమూనాను కట్టించారని చెబుతారు. ఇద్దరు పిల్లలను 1805లో ఇంగ్లండుకు పంపించారు. అదే ఏడాది అక్టోబరు 15న కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో మరణించారు. పూర్తయిన భవనంలో కాపురముండే యోగం ఆయనకు లేకపోయింది. ఖైరున్నీసా 1813లో ఆ ఆవరణలోనే కన్నుమూశారు. రంగ్‌మహల్‌ను 1860ల దశకంలో అప్పటి రెసిడెంట్ కూల్చివేయించారు. హిందుస్థానీ ఇల్లాలిని పెళ్లాడిన ఆంగ్లేయుడి ఆనవాలు ఆ తరం అధికారులకు గిట్టలేదు.

శుక్రవారం నమాజు తరువాత...

1857 మే నెలలో మీరట్‌లో సిపాయిలు తిరగబడిన వార్త హైదరాబాదుకు చేరేసరికి ఇక్కడ సింహాసనం చేతులు మారుతోంది. నాసిరుద్దౌలా మే 16న మరణించగా అఫ్జలుద్దౌలా నిజాం అయ్యారు. దివాను మొదటి సాలార్‌జంగ్. రెసిడెంట్ మేజర్ కత్‌బర్ట్ డేవిడ్సన్. నగరంలోని గోడలపై కంపెనీకి వ్యతిరేకంగా ప్రకటనలు వెలిశాయి. మసీదుల్లో ప్రసంగాలు సాగాయి.

ఈలోగా మరాఠ్వాడా వైపున్న కంటింజెంట్ సైన్యం నుంచి చీదాఖాన్ అనే జమాదారు మరికొందరితో కలిసి తప్పించుకుని హైదరాబాదు వచ్చారు. ఢిల్లీలో తిరగబడిన సాటి సిపాయిలపైకి తమను పంపుతారన్న ఆగ్రహం వారిది. నిజాం ఆశ్రయమిస్తారనుకుని వస్తే సాలార్‌జంగ్ వారిని బంధించి రెసిడెన్సీకి అప్పగించారు. నగరం భగ్గుమనడానికి ఇది చాలింది.

జూలై 17 శుక్రవారం. మక్కా మసీదులో ప్రార్థనల అనంతరం ఖైదీలను విడిపించాలన్న నినాదం మిన్నంటింది. సాయంకాలానికి వందలాది రోహిల్లాలు, వారి వెంట పెద్దసంఖ్యలో నగర ప్రజలు మూసీ దాటి రెసిడెన్సీ వైపు కదిలారు. ముందు నడిచినవారు బేగంబజారుకు చెందిన తుర్రెబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్. రెసిడెన్సీ పశ్చిమ ప్రహరీకి ఎదురుగా పుత్లీబౌలీ వైపున అబ్బన్ సాహెబ్, జైగోపాల్ దాస్ అనే ఇద్దరి ఇళ్లుండేవి. తిరుగుబాటుదారులు ఆ ఇళ్ల మేడలెక్కి అక్కడి నుంచి రెసిడెన్సీ ఆవరణలోకి కాల్పులు ప్రారంభించారు. తోటవైపు ద్వారాన్ని బద్దలుకొట్టారు.

అయితే లోపలివారు అప్రమత్తంగానే ఉన్నారు. సాలార్‌జంగ్ ముందే కబురు పంపారు. ఫిరంగులను గురిచూసి సిద్ధంగా నిలిపారు. ప్రహరీ దాటి వచ్చే గుంపుపై ఫిరంగుల నుంచి ఇనుప గుండ్ల వాన కురిసింది. చేతి తుపాకులు, కత్తులతో వచ్చినవారికి ఆరుబయట నిలబడే వీలు లేకపోయింది. ఇళ్ల గోడల చాటు నుంచి రాత్రంతా పోరాడి, తెల్లవారుజామున చీకటి ఉండగానే వెనుదిరిగారు. ఉదయానికి ఆ రెండిళ్లూ ఖాళీగా కనిపించాయి. బయటినుంచి మరే సైన్యమూ వారికి తోడు రాలేదు. నిజాం సేన కదలలేదు. దక్షిణాదిలో తిరుగుబాటు వ్యాపించకపోవడానికి ఆ రాత్రి ఒక ముఖ్య కారణమని చరిత్రకారులు భావిస్తారు.

తుర్రెబాజ్ ఖాన్ పట్టుబడ్డారు. విచారణ జరిపి ద్వీపాంతర శిక్ష విధించారు. శిక్ష అమలు కాకముందే 1859 జనవరిలో ఆయన కాపలా నుంచి తప్పించుకున్నారు. తలపై బహుమానం ప్రకటించిన కొద్దిరోజులకే, జనవరి 24న తూప్రాన్ సమీపంలో కాల్చి చంపారు. శవాన్ని నగరానికి తెచ్చి జనం చూసేలా వేలాడదీశారు. అల్లావుద్దీన్‌ను అదే ఏడాది అండమాన్ దీవులకు పంపగా ఆయన అక్కడే ప్రాణాలు విడిచారు. శవాన్ని వేలాడదీసి పేరు చెరిపేయాలని చూసినవారి ఉద్దేశం మాత్రం నెరవేరలేదు. ఎవరైనా పెద్ద వీరుడిలా పోజు పెడితే ‘తుర్రంఖాన్ అనుకుంటున్నావా’ అని హైదరాబాదీలు నేటికీ ఎద్దేవా చేస్తారు. ఆ మాటకు మూలం ఈ తుర్రెబాజ్ ఖానేనని నగరంలో అందరూ చెప్పుకుంటారు. వెటకారంలోనైనా పేరు బతికింది.

సాలార్‌జంగ్ పాత్రపై తీర్పు చెప్పడం అంత సులువు కాదు. ఆయన కబురు పంపకపోతే కథ మరోలా ఉండేదన్నది నిజమే. ఢిల్లీ, లక్నో నగరాలకు ఆ తరువాత పట్టిన గతిని చూస్తే హైదరాబాదును ఆయన ఆ గతి నుంచి తప్పించారన్న వాదనను కూడా కొట్టిపారేయలేం. కంపెనీ పక్షాన నిలిచినందుకు 1860 ఒప్పందంలో నిజాంకు రాయచూరు, నల్‌దుర్గ్ ప్రాంతాలు తిరిగి దక్కాయి. 50 లక్షల రూపాయల బాకీ రద్దయింది. అటు అండమాన్, ఇటు రాయచూరు... ఒకే రాత్రికి రెండు రకాల ప్రతిఫలం!

బురుజులు లేచాయి

దాడి విఫలమైనా రెసిడెన్సీ అధికారుల గుండెల్లో దాని అదురు తగ్గలేదు. తోట మధ్యన సొగసుగా కట్టుకున్న భవనాన్ని ఎదురింటి మేడ మీది నుంచి కాల్చవచ్చని తేలిపోయింది. అందుకే ఆ తరువాత ఆవరణ రూపే మార్చివేశారు. ప్రహరీని పటిష్ఠం చేసి, బురుజులు లేపి, రక్షణ ఏర్పాట్లు గావించారు. కిర్క్‌పాట్రిక్ నాటి విందుల తోట సైనిక స్థావరమైంది. సికింద్రాబాదు పక్కన తిరుమలగిరిలో కందకం, మట్టికట్టలతో సైనిక దుర్గాన్ని ఏర్పాటుచేసింది కూడా 1857 అనుభవం తరువాతే. మరొకసారి ఇలాంటిది సంభవిస్తే ఆంగ్లేయ కుటుంబాలన్నీ తలదాచుకునేందుకు అది ఉపయోగపడాలన్నది ఉద్దేశం.

గోడ వెలుపల రెసిడెన్సీ బజారు విస్తరించింది. అక్కడ నిజాం చట్టం చెల్లేది కాదు. బ్రిటిష్ అధికారమే నడిచేది. నిజాం నగరం నడిబొడ్డున ఇంకొకరి రాజ్యమన్న మాట. 1933లో ఆ బజారును తిరిగి నిజాం ప్రభుత్వానికి అప్పగించారు. దానికి సుల్తాన్‌బజార్ అని పేరుపెట్టారు. చిక్కడపల్లి ప్రయాణికులు మెట్రోలో వినే ఆ స్టేషన్ పేరు వెనుక ఉన్న సంగతి ఇది.

గోడ లోపలికి ఆడపిల్లలు

1947లో బ్రిటిష్‌వారు నిష్క్రమించడంతో రెసిడెంట్ పదవి అంతరించింది. 1924లో నాంపల్లిలోని గోల్డెన్ థ్రెషోల్డ్‌లో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయ మహిళా కళాశాలకు విశాలమైన చోటు అవసరమైంది. 1949లో కళాశాలను ఈ ఆవరణలోకి తరలించారు. వంద సంవత్సరాలకు పైగా సామాన్యులకు ప్రవేశం లేని చోట, తెలుగు, ఉర్దూ, మరాఠీ, కన్నడ ఇళ్ల అమ్మాయిలు పుస్తకాలు పట్టుకుని అడుగుపెట్టారు. అద్దాల దర్బారు హాలులోనూ, రెసిడెంటు గదుల్లోనూ చదువులు సాగాయి. అశోక్‌నగర్, చిక్కడపల్లి, నారాయణగూడ, కాచిగూడ ప్రాంతాల్లో ‘మా అమ్మ కోఠీ విమెన్స్‌లో చదివింది’ అన్న మాట వినిపించని వీధి ఉండదేమో.

కళాశాలే ఈ భవనాన్ని పాడుచేసిందన్న విమర్శ అప్పుడప్పుడు వినిపిస్తుంది. అది న్యాయమైన మాట కాదు. ఇలాంటి ఎన్నో భవనాలు ఖాళీగా తాళాలు పడి, చెట్లు మొలిచి, చివరికి ఆనవాళ్లు లేకుండా పోయాయి. ఇక్కడ మనుషులు తిరిగారు కాబట్టే అడుగుల చప్పుడుతో అర్ధ శతాబ్దం పైగా నిలబడింది. కొరవడింది నిర్వహణకు డబ్బు, సరైన మరమ్మతు పద్ధతి. కళాశాల బడ్జెట్టుతో చేయగలిగేది ఎంత? కారిన చోట అతుకు, ఊడిన చోట సిమెంటు. దశాబ్దాల తరబడి జరిగింది అదే. చివరకు ప్రధాన భవనంలో తరగతుల నిర్వహణ ప్రమాదకరమని భావించి ఖాళీచేయవలసి వచ్చింది.

సిమెంటు చేసిన చేటు

సిమెంటు గట్టిది కదా, దానివల్ల నష్టమేమిటి అని సామాన్యులకు సందేహం రావడం సహజం. సున్నపు గోడ ఊపిరి పీల్చుకునే గోడ. వానకు కొంత తేమ పీల్చుకుంటుంది, ఎండకు వదిలేస్తుంది. దానిపై సిమెంటు పూస్తే తేమ బయటకు వచ్చే దారి మూసుకుపోతుంది. లోపల చిక్కిన నీరు ఇటుకలోని లవణాలను కరిగించి ఉపరితలానికి తెస్తుంది. ఆ లవణాలు గడ్డకట్టి ఉబ్బి, ఇటుకను పొడిపొడిగా రాలుస్తాయి. పైకి గట్టిగా కనిపించే పూత కింద గోడ పిండిలా మారుతుంది. గోడలో దిగిన టేకు దూలాల చివరలు అదే తేమకు కుళ్లుతాయి, చెదలు పడతాయి. దూలం చివర కుళ్లితే మధ్యలో ఎంత బలంగా ఉన్నా పైకప్పు కుంగక మానదు. పాత మిద్దెల్లో కాపురమున్న నారాయణగూడ, బర్కత్‌పుర వాసులకు ఈ అనుభవం కొత్తదేమీ కాదు.

కనుక ఇటువంటి పునరుద్ధరణలో తొలి మెట్టు కట్టడం కాదు, తీసివేయడం. ఎప్పుడో పూసిన సిమెంటును కింది సున్నం, ఇటుక దెబ్బతినకుండా చేతి ఉలితో కొద్దికొద్దిగా చెక్కి తొలగించాలి. పైకప్పు మీద నీరు నిలవకుండా వాలు సరిచేయాలి. తూములు శుభ్రం చేయాలి. గోడల్లో వేళ్లూనిన రావి, మర్రి మొక్కలను వేళ్లతో సహా తీయాలి. పైనుంచి లాగితే వేరు తెగి మళ్లీ చిగురిస్తుంది. ఆ తరువాతే కొత్త సున్నం పని.

దీనికి మన పెద్దలు వాడిన డంగు సున్నమే కావాలి. కాల్చిన సున్నపురాయిని నీళ్లలో విరిచి, వారాల తరబడి నానబెట్టి, ఇసుక, ఇటుక పొడి కలిపి గానుగలో రుబ్బుతారు. బెల్లం, కరక్కాయ నానబెట్టిన నీళ్లు కలుపుతారు. వీటివల్ల సున్నం త్వరగా పగలకుండా, పట్టు గట్టిగా వస్తుందని తాపీ మేస్త్రీల అనుభవం. పూసిన తరువాత ఒక్కో పొర ఆరడానికి రోజులు పడుతుంది. ఆరకముందే పైపొర వేస్తే ఊడివస్తుంది. గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటూ సున్నం మెల్లగా తిరిగి రాయిగా మారుతుంది. సిమెంటు ఒక్క నెలలో బిగుసుకుంటే సున్నం ఏళ్ల తరబడి బిగుస్తూనే ఉంటుంది. గుత్తేదారుకు ఇది నచ్చదు, బిల్లుకు ఆగలేడు. ప్రభుత్వ టెండర్ల పద్ధతికీ, డంగు సున్నపు వేగానికీ పొంతన కుదరదన్నది ఈ రంగంలో పాత ఫిర్యాదే.

న్యూయార్కు కేంద్రంగా పనిచేసే వరల్డ్ మాన్యుమెంట్స్ ఫండ్ ప్రమాదంలో ఉన్న చారిత్రక కట్టడాల 2002 జాబితాలో ఈ కళాశాలను చేర్చడంతో కదలిక మొదలైంది. నిధుల సేకరణ, ప్రభుత్వ శాఖలతో సంప్రదింపులు, నిర్మాణ స్థితిపై పరిశీలనలు ఏళ్ల తరబడి సాగాయి. ఈ మధ్యలో రాష్ట్రమే రెండయింది. ప్రధాన భవనంలో పైకప్పు, దూలాలు, సున్నపు పనులు, దర్బారు హాలు అలంకరణలు ఒక్కొక్కటిగా చేపట్టారు. ఆవరణలోని ద్వారాలపైనా, ఖైరున్నీసా తోటలోని ఆ చిన్న నమూనాపైనా దృష్టి పెట్టారు. చెట్టుకొమ్మ విరిగిపడి శిథిలమైన ఆ నమూనా తిరిగి ఆకారం దాల్చడం ఈ మొత్తం కృషిలో చిన్న పనే అయినా, చూడవచ్చినవారు ఎక్కువసేపు నిలబడేది దాని ముందేనంటే ఆశ్చర్యపడనక్కరలేదు.

ఏది నిలపాలి, ఏది వదలాలి?

పునరుద్ధరణ పూర్తయిన భవనాన్ని చూస్తే ఒక ప్రశ్న తలెత్తక మానదు. ముఖద్వారం పైన కంపెనీ చిహ్నం భద్రంగా ఉంది. సింహాలు తమ చోట ఉన్నాయి. జూలై 17 రాత్రి పోరాటం జరిగిన ఇళ్లు మాత్రం లేవు. ఆ వైపు వీధులు అంగళ్లతో, వాహనాలతో కిక్కిరిసిపోయాయి. కాల్పులు జరిపినవారి గూడు చెక్కుచెదరక నిలిచింది, కాల్పులకు గురైనవారి గూడుకు ఆనవాలు లేదు. చరిత్రలో సాధారణంగా జరిగేది ఇదే. పెద్ద భవనాలు డబ్బుతో కట్టినవి, కాబట్టి మిగులుతాయి.

అలాగని కంపెనీ చిహ్నాన్ని చెక్కివేయాలన్న వాదన సరైనది కాదు. ఆ భవనం నిజాం రైతుల పన్నులతో కట్టినది. దాన్ని మోసిన కూలీలు, సున్నం రుబ్బినవారు, పూత పూసినవారు ఈ గడ్డమీదివారే. చిహ్నం చెక్కివేస్తే ఆ సొమ్ము ఎవరు ఎవరి కోసం ఖర్చుచేశారో చెప్పే సాక్ష్యమే పోతుంది. చేయవలసింది రెండో వైపు కథను కూడా అదే చోట చెప్పడం. కోఠీ బస్టాండు వద్ద 1857 వీరుల స్మారక స్తంభం ఉంది. తుర్రెబాజ్ ఖాన్ పేరిట రహదారి ఉంది. బస్సు కోసం ఆ పక్కన నిలబడేవారిలో దాన్ని చదివేవారు అరుదు. భవనం చూడవచ్చే సందర్శకుడికి ఈ స్తంభం సంగతి, స్తంభం దగ్గర నిలబడిన ప్రయాణికుడికి ఆ భవనం సంగతి తెలిసే ఏర్పాటు ఒక చిన్న ఫలకంతో సాధ్యమే.

రెండో విషయం వాడుకకు సంబంధించినది. కళాశాల 2022లో మహిళా విశ్వవిద్యాలయ స్థాయికి ఎదిగింది. 2024 సెప్టెంబరులో దానికి తెలంగాణ సాయుధ పోరాట యోధురాలు చాకలి ఐలమ్మ పేరు పెడుతున్నట్టు రాష్ట్ర ప్రభుత్వం ప్రకటించింది. పాలకుర్తి ప్రాంతంలో దొరల దౌర్జన్యానికి ఎదురునిలిచి తన పొలాన్ని కాపాడుకున్న ఐలమ్మ పేరును, ఈస్టిండియా కంపెనీ చిహ్నమున్న భవనపు ఆవరణకు పెట్టారు. మరే ఫలకమూ చెప్పలేని మాటను ఈ ఒక్క పేరు చెబుతోంది.

ప్రధాన భవనాన్ని ప్రదర్శనశాలగానే ఉంచాలా, లోపల కొంత భాగంలోనైనా విద్యార్థినులకు చోటివ్వాలా అన్నది తేల్చవలసి ఉంటుంది. బరువు మోయలేని అంతస్తులో వందమందిని కూర్చోబెట్టడం తగదు. కానీ ఒక పఠన మందిరమో, వారానికి ఒక సదస్సో, సంగీత సభో జరిగినా తలుపులు తెరుచుకుంటాయి, గాలి ఆడుతుంది, కారిన చుక్క ఆ రోజే ఎవరి కంటనో పడుతుంది. తాళం వేసిన భవనంలో ఆ చుక్క మూడు వానాకాలాలు కారాక గాని తెలియదు.

పునరుద్ధరణ ఖర్చు ఒక్కసారి పెట్టేది. నిర్వహణ ఖర్చు ఏటా పెట్టవలసింది. మృగశిర కార్తెకు ముందే పైకప్పు తూముల్లో చేరిన ఆకులు తీయాలి. మొలిచిన మొక్కను వేలెడంత ఉన్నప్పుడే పీకాలి. సున్నం పెచ్చు లేచిన చోట సున్నంతోనే పూయాలి. అందుకు డంగు సున్నం పని తెలిసిన మేస్త్రీ ఒకరు, అతని వద్ద పని నేర్చుకునే కుర్రవాడొకడు ఆవరణలో శాశ్వతంగా ఉంటే చాలు. వారి జీతం విశ్వవిద్యాలయం పద్దులో ఉండాలా, పురావస్తు శాఖ పద్దులో ఉండాలా అన్నది తొలకరి రాకముందే తేలాలి.